ఆయుధంలోనే తాళం – రివాల్వరు భద్రత, తయారీ నాణ్యత

తుపాకి అనే మాట మన మహదేవపూర్ ప్రాంతం వారికి కొత్త కాదు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే కాళేశ్వరం మన మండలంలోనిదే. నది దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. ఇటు అడవి, అటూ అడవే. 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్న మన మండలం పేరు ఒకప్పుడు పేపర్లలో టస్సర్ పట్టు కోసం కొంత, కాల్పుల వార్తల కోసం ఎక్కువగా కనిపించేది. శాసనసభ మాజీ స్పీకరు దుద్దిళ్ళ శ్రీపాదరావు గారు 1999 ఏప్రిల్‌లో నక్సలైట్ల కాల్పుల్లో చనిపోయింది ఈ అడవిలోనే.

అయితే తుపాకి గురించి మనం మాట్లాడుకునే తీరు ఎప్పుడూ ఒకటే. ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీదికి పెట్టారు అన్నదే మాట. ఆ ఇనుప వస్తువు లోపల ఏముంది, అది తనంతట తాను పేలకుండా ఏది ఆపుతున్నది, ఆ ఆపే ముక్క సరిగ్గా తయారైందా లేదా అన్న మాట రాదు. "ఈ సంగతి మన హాస్టలు సంచికకు ఎందుకు?" అని మిత్రులు కొందరు మమ్మల్ని అడిగారు కూడా. కారణం ఉన్నది. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదివి బయటికి వెళ్ళిన అన్నలలో ఎంతోమంది కానిస్టేబుళ్ళు, హోంగార్డులు, సి.ఆర్.పి.ఎఫ్. జవానులు, బ్యాంకుల ముందు గార్డులు అయ్యారు. ఈ సంచిక చదివే తమ్ముళ్ళలో కొందరు పొద్దున్నే లేచి గ్రౌండులో రౌండ్లు కొడుతున్నది ఆ ఉద్యోగాల కోసమే. ఉద్యోగం వచ్చాక ఒకనాడు ఆయుధం చేతికి ఇస్తారు. ఏ కంపెనీది కావాలో ఎంచుకునే అవకాశం మనకు ఉండదు. ఇచ్చింది తీసుకోవాలి. "తుపాకి శుభ్రం చేస్తుండగా ప్రమాదవశాత్తు పేలి కానిస్టేబులు మృతి" అనే వార్త మనం చదువుతూనే ఉంటాము. ఆ "ప్రమాదవశాత్తు" అనే మాట లోపల ఒక స్ప్రింగు, ఒక మేకు, ఒక చిన్న పలక ఉంటాయి. వాటి గురించే ఈ వ్యాసం. మేము చదువుతున్నది భౌతికశాస్త్రం కనుక ఆ దారిలోనే చెప్పగలము.

భర్మారు నుంచి మొదలుపెడదాము. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల నుంచి మన పెద్దల నోట ఈ మాట ఉన్నది. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, రవ్వలు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకి అది. వెనక భాగాన ఒక చిన్న ముక్కు మీద టోపీ పెడతారు. పైకి లాగిన సుత్తి వచ్చి ఆ టోపీని కొడితే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. ఆ సుత్తిని ఉర్దూలో ఘోడా అంటారు. మనం గుర్రం అనుకుందాము. భర్మారులో భద్రత అంటే ఆ గుర్రాన్ని సగం వరకు లాగి ఒక గాడిలో నిలబెట్టడమే. ఆ గాడి అరిగినా, గుర్రం మీద దెబ్బ తగిలి గాడి అంచు విరిగినా అది పడుతుంది, తుపాకి పేలుతుంది. అడవిపందులు పంట తొక్కే ఊళ్ళలో ఈ తుపాకికి చట్టంలో కూడా చోటున్నది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షనులో, నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునని రాసి ఉన్నది. లైసెన్సు లేని నాటు తుపాకుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాటిని చేసేవానికి కొలత లేదు, పరీక్ష లేదు. (అడవిపందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టడం అంతకన్నా ఘోరం. తీగకు గుర్రమూ లేదు, గాడీ లేదు. కానీ అది మరో వ్యాసం.)

ఇక రివాల్వరు. శామ్యూల్ కోల్ట్ అనే అమెరికా దేశస్థుడు 1836లో తన దేశంలో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఒక గుండ్రటి ఇనుప ముద్దలో, అంటే సిలిండరులో, సాధారణంగా ఆరు గదులు ఉంటాయి. ఒక్కో గదిలో ఒక్కో తూటా. గుర్రం వెనక్కి వెళ్ళినప్పుడల్లా సిలిండరు 60 డిగ్రీలు తిరిగి కొత్త తూటాను గొట్టం వెనకకు తెస్తుంది. లోపల ఒక చిన్న కొక్కెం దాన్ని తోస్తుంది, మరో మేకు వచ్చి సరిగ్గా ఆ చోట బిగిస్తుంది. బొటనవేలితో గుర్రాన్ని లాగి, తర్వాత ట్రిగ్గరు నొక్కడం ఒక పద్ధతి. ట్రిగ్గరు ఒక్కటే పొడుగ్గా లాగితే గుర్రం లేవడమూ పడడమూ రెండూ జరగడం ఇంకో పద్ధతి. మొదటి దానికి వేలి మీద ఒకటిన్నర, రెండు కిలోల బలం చాలు. రెండో దానికి దాదాపు అయిదు కిలోలు కావాలి. రివాల్వర్లలో చాలావాటికి బయట వేలితో తిప్పే సేఫ్టీ మీట ఉండదు. ఆ పొడుగైన, బరువైన లాగుడే దానికి కాపలా అని తయారీదారుల లెక్క. బుద్ధిపూర్వకంగా లాగేవానికి సరిపోయే లెక్క ఇది. కింద పడే తుపాకికి సరిపోదు.

ఎందుకు సరిపోదో చూద్దాము. పాత రివాల్వరులో గుర్రానికి ముందు వైపున ఒక ముక్కు ఉండేది. గుర్రం దించి ఉన్నప్పుడు ఆ ముక్కు నేరుగా తూటా వెనకనున్న ప్రైమరు మీదనే ఆనుకొని ఉండేది. అంటే మేకు గోడకు ఆనించి పెట్టినట్లు. ఇక సుత్తి దెబ్బ ఒక్కటే తక్కువ. ఒక కిలో బరువున్న రివాల్వరు నడుము ఎత్తు నుంచి, అంటే ఒక మీటరు నుంచి, గుర్రం కిందికి వచ్చేట్లు బండ మీద పడిందనుకోండి. మనం ఇంటర్మీడియెట్‌లో చదివిన స్థితిశక్తి సూత్రం వేస్తే దాదాపు 10 జౌళ్ళ శక్తి వస్తుంది. ట్రిగ్గరు నొక్కినప్పుడు గుర్రం కొట్టే మామూలు దెబ్బ ఇందులో చిన్న వంతు మాత్రమే. అందులో కొద్ది భాగం ముక్కుకు చేరినా తూటా పేలుతుంది. గొట్టం మూతి అప్పుడు ఎటు ఉంటుంది? గుర్రం కింద ఉంటే గొట్టం పైకి, అంటే దాన్ని జారవిడిచిన మనిషి కడుపు వైపుకే ఉంటుంది.

1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వరుకు ఈ జబ్బు ఉండేది. మనం సినిమాలలో కౌబాయ్‌ల నడుముకు చూసేది ఆ రకమే. దానికి గాడి ఉన్నా ఎవరూ నమ్మేవారు కాదు. తెలిసినవారు చేసిన ఉపాయం ఒక్కటే. ఆరు గదులలో అయిదింట్లోనే తూటాలు వేసి, ఖాళీ గది మీద గుర్రం దించి నడుముకు కట్టుకునేవారు. అంటే తయారీదారు వదిలేసిన లోటును వాడుకునేవాడు ఒక తూటా తగ్గించుకొని పూడ్చుకున్నాడన్నమాట.

లోపలి కాపలా

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన మందులు ముఖ్యంగా రెండు. ఈ రెండింటి తేడా తెలిస్తే మిగిలిన కథ అంతా తెలిసినట్లే కనుక కాస్త నిదానంగా చదవండి.

మొదటిది హ్యామర్ బ్లాక్. గుర్రానికి, రివాల్వరు చట్రానికి మధ్య ఒక ఉక్కు పలక అడ్డంగా ఉంటుంది. ట్రిగ్గరును పూర్తిగా వెనక్కి లాగితేనే అది పక్కకు తప్పుకుంటుంది. లాగకుండా గుర్రం మీద దెబ్బ పడితే ఆ పలక దెబ్బను ఆపుతుంది. ఎడ్లబండి చక్రం కింద పెట్టిన రాయి వంటిది. కోల్ట్ కంపెనీ 1905లోనే ఇటువంటి ఏర్పాటు తెచ్చింది.

రెండవది ట్రాన్స్‌ఫర్ బార్. ఇందులో గుర్రానికి ముక్కే ఉండదు. కొట్టే సూది చట్రంలో విడిగా ఉంటుంది. గుర్రం దించి ఉన్నప్పుడు అది చట్రానికి తగులుతుంది తప్ప సూదికి తగలదు. ట్రిగ్గరు లాగినప్పుడు మాత్రం ఒక సన్నని పట్టీ పైకి లేచి గుర్రానికీ సూదికీ మధ్యకు వస్తుంది. గుర్రం పట్టీని కొడుతుంది, పట్టీ సూదిని కొడుతుంది. సైకిలుకు గొలుసు ఎటువంటిదో దీనికి ఈ పట్టీ అటువంటిది. గొలుసు లేనప్పుడు పెడలు ఎంత తొక్కినా చక్రం కదలదు. అమెరికాలో ఐవర్ జాన్సన్ అనే కంపెనీ 1890ల దశకంలోనే ఈ పద్ధతి తెచ్చి, గుర్రాన్ని సుత్తితో కొట్టినా పేలదని బొమ్మ వేసి ప్రకటనలు ఇచ్చుకున్నది. గొప్ప పేరున్న కంపెనీ కాదు. చవక రివాల్వర్లు చేసేది. మంచి ఆలోచన ఎప్పుడూ పెద్ద ఇంట్లోనే పుట్టాలని లేదు.

రెండింటిలో ఏది మేలు? విరిగినప్పుడు ఏమవుతుందో చూస్తే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ బార్ విరిగితే తుపాకి పేలదు. యజమానికి వెంటనే తెలుస్తుంది, బాగు చేయిస్తాడు. హ్యామర్ బ్లాక్ విరిగితే లేదా లోపల ఎవరైనా పెట్టడం మరిచిపోతే తుపాకి మామూలుగా పేలుతూనే ఉంటుంది. కాపలా లేదన్న సంగతి కింద పడేదాకా ఎవరికీ తెలియదు. రైలు బోగీల మధ్య గాలి గొట్టం తెగితే బ్రేకులు వాటంతటవే పడతాయి చూశారా, మొదటిది ఆ జాతిది. చెడిపోయినప్పుడు క్షేమం వైపుకు చెడిపోవడం అన్నది యంత్రాల విద్యలో చాలా గొప్ప సూత్రమని మా అభిప్రాయం.

ఇది పుస్తకం మాట కాదు, ప్రాణాలు పోయిన మాట. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ విక్టరీ మోడల్ అనే రివాల్వర్లను లక్షల్లో తయారు చేసింది. 1944లో అమెరికా నౌకాదళంలో అటువంటి రివాల్వరు ఓడ ఉక్కు డెక్కు మీద పడి పేలి ఒక నావికుడు చనిపోయాడు. అప్పటికే అందులో ఒక కాపలా ఉన్నది. కానీ అది స్ప్రింగు బలం మీద ఆధారపడేది. ఆ తర్వాత కంపెనీ ట్రిగ్గరు కదలికతోనే తప్పనిసరిగా కదిలే కొత్త రకం హ్యామర్ బ్లాక్ పెట్టింది.

మన దేశానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటున్నది. బ్రిటిష్ వారి వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ .38 రివాల్వర్లు మన పోలీసు అధికారుల నడుముకు స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం ఉన్నాయి. అందులో ఎన్‌ఫీల్డ్ నంబరు 2 రివాల్వరుకు 1942లో ఒక కొత్త రూపం ఇచ్చారు. యుద్ధం ముమ్మరంగా ఉన్నది, తొందరగా ఎక్కువ కావాలి. అందుకని తయారీలో పనులు తగ్గించారు. ఏ పని తగ్గించారు? గుర్రాన్ని ఆపే ముక్కనే తీసేశారు. కింద పడితే పేలే తుపాకిని కావాలనే తయారు చేశారన్నమాట. యుద్ధం తర్వాత వాటిలో అధిక భాగాన్ని వెనక్కి రప్పించి ఆ ముక్కను మళ్ళీ పెట్టారు. నాణ్యత తగ్గడమంటే ఎప్పుడూ నిర్లక్ష్యమే కానక్కరలేదు. పై నుంచి వచ్చిన లెక్క కూడా కావచ్చు. గంటకు ఎన్ని అనే లెక్క వేసేటప్పుడు మొదట కనిపించేది భద్రత ముక్కే. అది లేకపోయినా తుపాకి పనిచేస్తుంది కదా.

రూగర్ కంపెనీ కథ ఇందుకు కొంత విరుద్ధం. 1953 నుంచి పాత కోల్ట్ పద్ధతిలోనే రివాల్వర్లు చేసిన ఆ కంపెనీ, 1973లో ట్రాన్స్‌ఫర్ బార్‌కు మారింది. అప్పటికే అమ్మిన పాతవాటిని ఏం చేయాలి? కోర్టు కేసులు మీదపడ్డాయి. చివరకు పాత రివాల్వరు పంపితే డబ్బు తీసుకోకుండా కొత్త భాగాలు వేసి ఇస్తామని ప్రకటించింది.

తాళంచెవి వచ్చిన కథ

ఇప్పటిదాకా చెప్పిన కాపలాలు వాడుకునేవానికి కనిపించవు. వాటికోసం అతను ఏమీ చేయనక్కరలేదు. 1990ల చివర్లో వచ్చినది వేరు. అది నిజంగా తాళమే. బ్రెజిల్ దేశపు టారస్ కంపెనీ 1997లో రివాల్వర్లలో చిన్న తాళంచెవితో బిగించే ఏర్పాటు తెచ్చింది. అమెరికాలో ఇళ్ళలో పిల్లల చేతికి తుపాకులు చిక్కి జరుగుతున్న చావుల మీద అప్పుడు పెద్ద చర్చ నడుస్తున్నది. 2000 మార్చి 17న స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, తుపాకులలోనే తాళాలు పెడతామన్నది. తుపాకుల యజమానులు ఆగ్రహించి ఆ కంపెనీ సరుకు కొనడం మానేశారు. మరుసటి ఏడాది, 2001 మేలో, దాని బ్రిటిష్ యజమాని టామ్‌కిన్స్ సంస్థ కేవలం కోటీ యాభై లక్షల డాలర్లకు కంపెనీని అమ్ముకున్నది. కొన్నది ఎవరు? తుపాకి తాళాలు చేసే సేఫ్-టి-హ్యామర్ అనే చిన్న సంస్థ. ఆ తర్వాత వచ్చిన రివాల్వర్లకు ఎడమ పక్కన, సిలిండరు తెరిచే మీటకు పైన, ఒక చిన్న రంధ్రం వచ్చింది. అందులో తాళంచెవి పెట్టి తిప్పితే లోపల గుర్రం పక్కన ఒక చిన్న రెక్క పైకి లేచి గుర్రాన్ని కదలనివ్వదు. ట్రిగ్గరు కూడా కదలదు. మేరీలాండ్ రాష్ట్రమైతే 2002 తర్వాత తయారైన చేతి తుపాకులకు ఇటువంటి లోపలి తాళం ఉండి తీరాలని చట్టమే చేసింది.

ఈ తాళం మీద వాడుకునేవారికి రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి చూపుకు సంబంధించినది. అందమైన రివాల్వరుకు పక్కన చిల్లు పెట్టారని. దీన్ని మేము పెద్దగా పట్టించుకోము. రెండవది పట్టించుకోవలసినదే. తేలికైన లోహంతో చేసి బలమైన తూటాలు వాడే రివాల్వర్లలో, పేలినప్పుడు వచ్చే ఎదురుదెబ్బకు ఆ రెక్క తనంతట తానే లేచి తుపాకి బిగుసుకుపోయిందని కొందరు చెప్పారు. ఇదీ న్యూటన్ గారి జడత్వమే. తుపాకి వెనక్కి ఎగిరినప్పుడు లోపలి చిన్న ముక్క ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు బలంగా లేకపోతే అది కదులుతుంది. తుపాకి ఎంత తేలికైతే అంత జోరుగా ఎగురుతుంది కనుక తేలికవాటిలోనే ఈ ఫిర్యాదు ఎక్కువ. ఇటువంటివి అరుదు. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే వస్తువులో అరుదు అన్న మాట ఓదార్పు కాదు. ఇటీవలి ఏళ్ళలో ఆ కంపెనీయే కొన్ని మోడళ్ళను తాళం లేకుండా మళ్ళీ అమ్ముతున్నది.

మా తీర్పు అడిగితే ఇది: తాళంచెవి రకం పెట్టెలో పెట్టిన తుపాకికి కాపలా. నడుముకు ఉన్న తుపాకికి కాదు. ఇంట్లో పిల్లలున్నవారికి అది ఉపయోగమే. కానీ కింద పడితే పేలకుండా చూసే పని దానిది కాదు, ట్రాన్స్‌ఫర్ బార్‌ది. ఈ రెండింటినీ కలిపి "సేఫ్టీ" అని ఒకే మాట వాడడం వలన గందరగోళం వస్తున్నది. తాళం ఉన్నది కదా అని మిగతావాటిని మరిచినవారూ ఉన్నారు. తాళాలను అందరికన్నా ముందు తెచ్చిన టారస్ కంపెనీనే చూడండి. దాని పిస్తోళ్ళలో కొన్ని రకాలు కింద పడితే పేలుతున్నాయని అమెరికాలో దావా పడింది. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ 2015లో రాజీకి వచ్చింది. ఆ రాజీ కిందికి వచ్చిన పిస్తోళ్ళు దాదాపు 10 లక్షలు.

ఇక "పాత తుపాకులే మేలు, ఇప్పటివి నాసిరకం" అన్న మాట. ఇది సైకిళ్ళ గురించీ, కుట్టు మిషన్ల గురించీ కూడా మన పెద్దలు అంటారు. కొంత నిజం, కొంత అలవాటు. స్మిత్ అండ్ వెస్సన్ సంగతే తీసుకుంటే 1965లో బాంగర్ పుంటా అనే సంస్థ చేతికి వెళ్ళాక నాణ్యత పడిపోయిందని కొనుగోలుదారులు గోల పెట్టారు. 1982 ప్రాంతంలో గొట్టాన్ని చట్రానికి బిగించే అడ్డమేకును తీసేశారు. అంతకుముందు అనుభవమున్న పనివాడు ఒక్కో రివాల్వరును చేతిలోకి తీసుకొని ఆకురాయితో రుద్ది భాగాలను జత కలిపేవాడు. ఆ చేతిపని తగ్గుతూ వచ్చింది.

1990లలో వచ్చిన మార్పు ఇంకా పెద్దది. ట్రిగ్గరు, గుర్రం వంటి భాగాలను అంతకుముందు కాల్చి సాగగొట్టిన ఉక్కు నుంచి చెక్కేవారు. ఇప్పుడు చాలా కంపెనీలు ఉక్కు పొడిని ప్లాస్టిక్, మైనం వంటి జిగురుతో కలిపి అచ్చులోకి ఒత్తుతున్నాయి. తర్వాత ఆ జిగురును తీసేసి కొలిమిలో కాలుస్తారు. పొడి రేణువులు ఒకదానికొకటి అతుక్కొని గట్టి ముక్క అవుతుంది. కాలేటప్పుడు అది దాదాపు 15 నుంచి 20 శాతం కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోతుందో ముందే లెక్కగట్టి అచ్చును పెద్దగా చేస్తారు. ఇటుక బట్టీ చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. పచ్చి ఇటుక కాలాక చిన్నదవుతుంది కదా. బట్టీలో వేడి ఒక మూల తక్కువైతే ఆ మూల ఇటుకలు చేతితో నలిపితే పొడి అవుతాయి. ఇక్కడా అంతే. కొలిమి వేడి, పొడి నాణ్యత, సమయం సరిగ్గా ఉంటే ముక్క గట్టిగానే ఉంటుంది, కొలతలూ బాగా కుదురుతాయి. తేడా వస్తే లోపల కంటికి కనిపించని బోలు ఉండిపోతుంది. కనుక పద్ధతిని తిట్టడంలో అర్థం లేదు. తనిఖీ తగ్గించినవారిని తిట్టాలి. సాగగొట్టిన ఉక్కులో కూడా పగుళ్ళు ఉండేవి. పాతవాటిలో విరిగినవి ఎప్పుడో విరిగిపోయాయి, ఇప్పుడు మనకు కనిపించేవి బతికి బయటపడినవే.

మన దేశంలో

మన దేశంలో లైసెన్సు ఉన్న పౌరులకు దొరికే రివాల్వరు ప్రధానంగా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల .32 రివాల్వరు. ఇది వెబ్లీ వంశానిది. మధ్యలో విరిచినట్లు వంచితే తెరుచుకుంటుంది. 2014లో కాన్పూరు నుంచి నిర్భీక్ అనే తేలిక రివాల్వరు వచ్చింది. టైటానియం మిశ్రమ లోహంతో చేసినది, బరువు దాదాపు అరకిలో. ఢిల్లీ ఘటన తర్వాత స్త్రీల రక్షణ కోసమని ప్రచారం చేశారు. ధర మాత్రం 1 లక్షా 22 వేల రూపాయలకు పైనే. కూలికి పోయే మన అక్కచెల్లెళ్ళలో దాన్ని కొనగలిగేది ఎవరో ఆ ప్రచారం రాసినవారికే తెలియాలి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడదీశారు. చిన్న ఆయుధాలు కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కంపెనీ వంతుకు వచ్చాయి. ఆ కంపెనీ 2023 ఆగస్టులో ప్రబల్ అనే రివాల్వరు తెచ్చింది. దాని సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీ వేరే కంపెనీలోకి వెళ్ళింది. అక్కడ చేసేది చేతి తుపాకులు కాదు, సైన్యం సాయుధ వాహనాలు. ఇటీవల హైదరాబాదులోనే లోకేష్ మెషీన్స్ అనే ప్రైవేటు సంస్థ అస్మి అనే చిన్న మెషిన్‌గన్‌ను తయారు చేసింది. 2024లో సైన్యం 550 ఆర్డరు ఇచ్చింది. అంటే ఇకముందు ఈ పని మన ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ పిల్లల చేతుల మీదుగా కూడా జరుగుతుంది.

నాణ్యత మాటకు వస్తే మన చరిత్రా మచ్చలేనిది కాదు. ఇన్సాస్ రైఫిలు గురించి పోలీసు ఉద్యోగంలో ఉన్న అన్నలు ఎవరినడిగినా చెబుతారు. 1999 కార్గిల్ యుద్ధంలో చలికి దాని ప్లాస్టిక్ మ్యాగజీన్లు పగిలాయని, తుపాకి బిగుసుకుపోయిందని ఫిర్యాదులు వచ్చాయి. నక్సలైటు ప్రాంతాల్లో తిరిగే బలగాలు దాన్ని వదిలి ఎ.కె. రకానికి మారాయి. 2020లో సైన్యం లోపలి నివేదిక ఒకటి పత్రికలకెక్కింది. 2014 నుంచి ఆరేళ్ళలో మందుగుండు నాసిరకం వలన 403 ప్రమాదాలు జరిగాయని, 27 మంది చనిపోయారని అందులో ఉన్నట్లు రాశారు. బోర్డు ఆ నిందను ఒప్పుకోలేదు. దాచిన తీరు, తుపాకుల లోపం, వాడిన తీరు కూడా కారణాలేనని వాదించింది. ఎవరి వంతు ఎంతో తేల్చడం మా వల్ల అయ్యేది కాదు. కానీ పోయినవారిలో ఆ తూటాను తయారు చేసినవారు గానీ తనిఖీ సంతకం పెట్టినవారు గానీ లేరు.

పరీక్షల సంగతి కూడా తెలుసుకోవాలి. కొత్త తుపాకికి ప్రూఫ్ పరీక్ష ఉంటుంది. మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా పేల్చి గొట్టం, సిలిండరు తట్టుకుంటాయా అని చూస్తారు. ఇది గొట్టం బలానికి పరీక్ష. కింద పడితే పేలుతుందా లేదా అన్నది దీనిలో తేలదు. దానికి వేరే పరీక్ష కావాలి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2001 నుంచి అటువంటిది అమలు చేస్తున్నది. ఒక మీటరు మీద ఒక సెంటీమీటరు ఎత్తు నుంచి కాంక్రీటు దిమ్మె మీదికి ఆరు విధాలుగా తుపాకిని పడవేస్తారు. గుర్రం కిందికి వచ్చేట్లు పడవేయడం అందులో ఒకటి. ఒక్కసారి పేలినా ఆ మోడల్ అక్కడ అమ్మడానికి వీల్లేదు. ముందు 600 తూటాలు కాల్చి చూస్తారు కూడా. సామాన్యుని చేతికి చేరే వస్తువుకు ఎటువంటి పరీక్ష ఉండాలో ఇది మంచి నమూనా. తుపాకి వద్దనేవారూ కావాలనేవారూ ఇద్దరూ ఒప్పుకోదగినది.

చట్టం వైపు నుంచి మన దగ్గర కొంత జరిగింది. 2016 ఆయుధాల నియమాలలో లైసెన్సు కోరేవారికి భద్రత శిక్షణ పెట్టారు. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నారు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ఇక ఉద్యోగంలోకి పోబోయే తమ్ముళ్ళకు నాలుగు మాటలు. స్టేషనులో ఆయుధాలు దాచే గదిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. అక్కడి నుంచి ఆయుధం తీసుకునేటప్పుడు సిగ్గుపడకుండా ఆర్మరర్‌ను అడగండి: దీనికి లోపలి కాపలా ఏ రకం, ఎప్పుడు విప్పి చూశారు, స్ప్రింగులు ఎప్పుడు మార్చారు అని. ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా సిలిండరు తెరిచి ఆరు గదులూ మీ కంటితో చూడండి. శుభ్రం చేసేముందు తూటాలను వేరే చోట పెట్టండి, అదే బల్ల మీద కాదు. పాత రకం అని తేలితే, పెద్దలు అనుమతిస్తే, గుర్రం కింద గది ఖాళీగా ఉంచండి. తుపాకి చేయి జారితే మధ్యలో అందుకోబోకండి. వేలు ట్రిగ్గరుకు తగిలేది అప్పుడే. పడనివ్వండి. ఒకవేళ పడితే, గీత కూడా పడలేదని దులిపి పెట్టుకోకుండా, ఆ రోజే రిజిస్టరులో రాయించి ఆర్మరర్‌కు ఇవ్వండి. లోపలి పలక వంగిందో లేదో పైకి కనిపించదు.